గడి మీది అంకె, గడి లోని లెక్క

గత శీతకాలమున ఒక సాయంకాలము, టొరంటో నగరపు తూర్పు భాగమైన స్కార్‌బరోలో, కిటికీ అవతల మంచు మోకాటిలోతున పేరుకొని యుండగా, ఒక చిన్న వ్యాపారసంస్థలో జమాఖర్చులు వ్రాయు మా మేనకోడలు తన కంప్యూటరును నా యెదుటికి తెచ్చి, కన్నీటిపర్యంతమై, “మావయ్యా, లెక్కంతా పోయింది” అన్నది. చూచితిని. మూడు మాసముల ఆదాయవ్యయములు నింపిన స్ప్రెడ్‌షీటులో పద్దులు పద్దులుగానే యున్నవి గాని, వెరసి యుండవలసిన ప్రతిచోటను అంకెకు బదులు సమానచిహ్నముతో ఆరంభమైన సూత్రమొకటి, ఇరుగుపొరుగు గడుల పేళ్లను పట్టుకొని నిడుపుగా పరచుకొని యున్నది. నిలువువరుసలు రెట్టింపు వెడల్పై తెర అంచు దాటిపోయినవి. “లెక్క పోలేదమ్మా, బయటపడింది” అని చెప్పి, కీబోర్డు మీద రెండు మీటలు కలిపి నొక్కగా సూత్రములన్నియు లోనికి పోయి అంకెలు పైకి వచ్చినవి. ఆమె నిట్టూర్చి వెడలిపోయినది. నాకు మాత్రము చాలసేపు నిద్ర పట్టలేదు. ఒకే గడిలో రెండు వ్రాతలు, ఒకటి చూపుటకును ఒకటి దాచుటకును, ఎన్నడు చేరినవి, ఎవరు చేర్చిరి, అను ప్రశ్న నన్ను పట్టుకొనెను. దానికి సమాధానములో అధికభాగము నేను నివసించుచున్న ఈ కెనడాదేశపు నేలమీదనే యున్నదని తెలిసినకొలది నాకు కలిగిన ఆశ్చర్యమే ఈ వ్యాసమునకు కారణము.

జమాఖర్చులకు ఈ రెండు ముఖములు పూర్వకాలమున లేవు. మన గ్రామకరణము దినదినమును చిట్టా వ్రాసి, దానినుండి ఆవర్జాకెత్తి, పద్దులను ఒకదాని క్రింద నొకటి పేర్చి, చివర గీత గీసి ‘వెరసి’ వేసినప్పుడు, ఆ వెరసి యేయే పద్దులవలన కలిగినదో చూచువాని కన్నులయెదుటనే యుండెడిది. అనుమానము గలవాడు వ్రేలు పెట్టి మీదినుండి క్రిందికి మరల కూడుకొనవచ్చును. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణీకములను రద్దుచేయువరకును మన పల్లెలలో లెక్క యనగా ఇదియే. కరణములలో మోసగాండ్రు లేకపోలేదు; వారిని గూర్చిన కథలు ప్రతి యూరను కలవు. అయినను మోసము చేయదలచినవాడు పద్దునే మార్చవలసియుండెను. పద్దును సరిగా నుంచి వెరసిని మాత్రము మార్చినయెడల, కూడిక వచ్చిన బడిపిల్లవాడైనను పట్టుకొనగలడు.

కెనడాదేశపు లెక్కల చరిత్రయు ఇట్టి పుస్తకములతోనే ఆరంభమైనది. 1670లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ ఇచ్చిన శాసనముతో ఏర్పడిన హడ్సన్స్ బే కంపెనీ, హడ్సన్ అఖాతపు తీరమున యార్క్ ఫ్యాక్టరీ మొదలైన కోటలు కట్టి, క్రీ మొదలైన స్థానికజాతులవారితో బొచ్చుతోళ్ల వర్తకము సాగించుచు, నాణెములు లేని ఆ మంచునేలలో లెక్క వ్రాయుటకు ఒక విచిత్రమైన ప్రమాణమును కల్పించుకొనెను. బాగుగ పదనుచేసిన ఒక బీవరు చర్మము ఒక ‘మేడ్ బీవర్’. తుపాకికి ఇన్ని మేడ్ బీవర్లు, కంబళికి ఇన్ని, పొగాకునకు ఇన్ని అని ప్రతి వస్తువును చర్మములలోనే వెలకట్టి, ప్రతి కోటలోను సంవత్సరాంతమున లెక్క తేల్చి లండనునకు ఓడలో పంపుచుండిరి. ఇందులో మన ప్రకరణమునకు మిక్కిలి అవసరమైన విశేషమొకటి కలదు. లండనులోని పెద్దలు నిర్ణయించిన ధర ఒకటి. కోటలోని ఫాక్టరు, అనగా అధిపతి, నిత్యము వాడుకచేసిన ధర మరొకటి, అది యించుక హెచ్చు. ఈ రెంటి నడిమి తేడా ‘ఓవర్‌ప్లస్’ అను పేర పుస్తకములలో వేరుగా చేరుచుండెను. తుపాకి కొనుటకు వచ్చిన వేటగానికి కనిపించిన ధర ఫాక్టరు ధర మాత్రమే. ఆ ధర వెనుక నున్న ప్రమాణము అతనికి తెలియదు. పైకి కనిపించు అంకె వేరు, దానిని పుట్టించిన నియమము వేరు అను స్థితి ఈ దేశమున అంత ప్రాచీనమైనది. అయినను కంపెనీ ఆ రెంటిని తన పుస్తకములలో విడివిడిగా వ్రాసికొనెను గనుకనే, 1974లో లండనునుండి విన్నిపెగ్ చేరి, 1994లో మానిటోబా రాష్ట్రపు సొత్తైన ఆ దస్తావేజులను తిరగవేయు చరిత్రకారులు నేడును ఫాక్టరు ఎంత హెచ్చుధర కొట్టెనో తేల్చి చెప్పగలుగుచున్నారు.

యంత్రములు వచ్చిన పిమ్మట ఈ దూరము పెరిగినది. 1952లో టొరంటో విశ్వవిద్యాలయమునకు ఇంగ్లండునుండి వచ్చిన ఫెరాంటి సంస్థవారి కంప్యూటరునకు ‘ఫెరుట్’ అని పేరు పెట్టిరి. సెయింట్ లారెన్స్ నదిలో ఓడల మార్గము త్రవ్వుటకు ముందు నీటిమట్టములను గణించిపెట్టిన యంత్రమిదియే. కాని అది మనుష్యులకు తెలిసిన దశాంశములతో మాటలాడెడిది కాదు. ముప్పదిరెండు గుర్తులతో నేర్పడిన ఒక సంకేతలిపిలో, అదియు కుడియెడమలు తారుమారుగా, చిల్లులు పొడిచిన కాగితపు పట్టీలమీద వ్రాయవలెను, చదువవలెను. దానియొద్దకు లెక్క తెచ్చిన ఇంజనీరు తన సొంతలెక్క జవాబును తానే చదువుకొనలేక మరొకరి ముఖము చూడవలసి వచ్చెను. ఈ దుస్థితి చూచి బియాట్రిస్ వర్స్‌లీ అను విదుషియు, ప్యాటర్సన్ హ్యూమ్ అను భౌతికశాస్త్రవేత్తయు కలిసి ‘ట్రాన్స్‌కోడ్’ అను సులభభాషను నిర్మించి, సామాన్యశాస్త్రజ్ఞుడు తన లెక్కను తానే వ్రాసి తానే చదువుకొనునట్లు చేసిరి. కంప్యూటరు విద్యలో పరిశోధనపట్టము పొందిన తొలితరము స్త్రీలలో వర్స్‌లీ యొకతె. ఆమె పేరు ఈ దేశమున నైనను చాలినంతగా స్మరింపబడకపోవుట నాకు బాధగానున్నది.

వ్యాపారపు లెక్కలను పట్టికారూపముననే యంత్రమునకు ఎక్కింపవచ్చునని తొలుత శాస్త్రీయముగా వ్రాసిన రిచర్డ్ మాటెసిచ్ కూడ ఈ దేశమునకు చెందినవాడే. 1922లో ట్రియెస్టెలో జన్మించి, న్యూ బ్రన్స్విక్ రాష్ట్రములోని మౌంట్ అలిసన్ విశ్వవిద్యాలయమున కొంతకాలము బోధించి, తరువాత కాలిఫోర్నియాలోని బర్క్‌లీ చేరి, 1961లో బడ్జెట్ నమూనాలను గూర్చి ప్రసిద్ధమైన వ్యాసమును, 1964లో ఆ పద్ధతిని ఫోర్ట్రాన్ అను కంప్యూటరు భాషలో ఆచరించి చూపిన గ్రంథమును ప్రకటించి, 1967లో వాంకూవరు నగరమున బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమున స్థిరపడెను. అయితే ఆయన పద్ధతిలో సూత్రములు ఫోర్ట్రాన్ ప్రోగ్రామునందును, అంకెలు అచ్చయి వచ్చిన కాగితమునందును ఉండెడివి. లెక్క చూచు గుమాస్తాకు కాగితమే దక్కును; ప్రోగ్రాము వేరొక గదిలో, వేరొక విద్యగలవారి చేతిలో నుండెను.

ఆ గది తలుపు తెరచుటకు జరిగిన ప్రయత్నము కెనడాలోని టెలిఫోను కంపెనీ బడ్జెట్‌తో ముడిపడియున్నది. ఇచట కొంత నిలిచి చెప్పవలెను.

బెల్ కెనడా వంటి మహాసంస్థలో బడ్జెట్ అనగా వందలకొలది పట్టికలు. ఏ శాఖలో ఎందరు పనివారు, ఎన్ని కొత్త తంతులు, ఎంత అద్దె, ఎంత రాబడి, అన్నియు అడ్డువరుసలలో నిలువువరుసలలో నింపి, ఒక పట్టిక వెరసిని మరొక పట్టికకు మోసికొనిపోవలెను. 1960వ దశకమున ఈ పట్టికలను ఫోర్ట్రానులో ప్రోగ్రాములుగా బిగించియుంచిరి. బడ్జెట్ అధికారి ఒక అడ్డువరుసను చేర్చవలెనన్నను, ఒక నిష్పత్తిని సవరింపవలెనన్నను, ప్రోగ్రామరులకు విన్నపము పంపి మాసముల తరబడి వేచియుండవలసినదే. లెక్క తనది, బాధ్యత తనది, లెక్కకు మూలమైన సూత్రము మాత్రము తన చేతిలో లేదు. రెనే పార్డో, రెమీ లాండౌ అను ఇద్దరు యువకులు 1969లో కల్పించిన ‘లాన్‌పార్’ ఈ పరాధీనతను తొలగించుటకు పుట్టినది. గడుల సముదాయమును ఇష్టమువచ్చిన క్రమమున ప్రోగ్రాము చేయు భాష యని ఆ పేరునకు అర్థము. దూరముననున్న పెద్ద కంప్యూటరునకు టెలిఫోను తంతిద్వారా తగులుకొని, ఏ గడికి ఏ సూత్రమో బడ్జెట్ అధికారియే స్వయముగా చెప్పవచ్చును. బెల్ కెనడాయు, అమెరికాలోని ఏటీ అండ్ టీ సంస్థయు, దాని క్రింది పదునెనిమిది టెలిఫోను కంపెనీలును, జనరల్ మోటార్స్ సంస్థయు దీనిని వాడినవి.

వారి కల్పనలోని గొప్పతనమంతయు క్రమమును గూర్చినది. ఒక పట్టికలో మొదటి గడి ‘మిగులు’, రెండవది ‘రాబడి’, మూడవది ‘ఖర్చు’ అనుకొందము. మిగులనగా రాబడిలో ఖర్చు పోగా నిలిచినది. యంత్రము పైనుండి క్రిందికి వరుసగా లెక్కకట్టుచు పోయినచో, మిగులు గడికి వచ్చునప్పటికి రాబడియు ఖర్చును ఇంకను తెలియవు. అందుచే మిగులు స్థానమున సున్నయో, నిన్నటి పాత అంకెయో నిలిచిపోవును. చూచువానికి అది అంకెగానే కనిపించును. అబద్ధమని తెలియుటకు దానిమీద గుర్తేమియు నుండదు. పార్డో, లాండౌ ఏమి చేసిరనగా, సూత్రములు ఏ వరుసలో వ్రాయబడినవో విడిచి, ఏది దేనిపై ఆధారపడియున్నదో చూచి, ఆధారమైనదానిని ముందును ఆధారపడినదానిని తరువాతను గణించునట్లు యంత్రమే క్రమమును తీర్చుకొనునట్లు చేసిరి. వంటయింటిలో అన్నము వార్చక ముందే పులిహోర కలుపబోని గృహిణి విజ్ఞతయే ఇది. తెలిసిన తరువాత అతిసులభము; తెలియక ముందు అంత తేలికగా తోచదు.

1970 ఆగస్టులో వారు అమెరికా పేటెంటు కార్యాలయమునకు దరఖాస్తు పెట్టిరి. ఇది కేవలము గణితమనియు, గణితమునకు పేటెంటు లేదనియు కార్యాలయము త్రోసివేసెను. పండ్రెండేండ్ల పోరాటము పిమ్మట, 1982లో అప్పీలు న్యాయస్థానము వారి పక్షమున తీర్పు చెప్పగా, 1983 ఆగస్టు 9వ తేదీన 43,98,249 సంఖ్యగల పేటెంటు చేతికి వచ్చినది. ఈ నడుమ లోకము మారిపోయెను. 1979లో డ్యాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను అమెరికనులు ఆపిల్ యంత్రముకొరకు విసికాల్క్ తెచ్చి, గడుల పట్టికను ప్రతి చిన్న వ్యాపారి బల్లమీదికిని చేర్చిరి. కాని ఆ చిన్న యంత్రమున గడులు అడ్డువరుసలనో నిలువువరుసలనో పట్టుకొని మాత్రమే గణింపబడెను. ముందున్న గడి వెనుకదానిపై ఆధారపడినచో పాత అంకెయే తెరమీద నిలిచియుండ, అంకె కదలుట మానువరకు ఆశ్చర్యార్థకపు మీటను మాటిమాటికి నొక్కవలసి వచ్చెను. పదేండ్ల క్రితమే తీరిన వ్యాధి మరల తలయెత్తినది. 1983లో లోటస్ 1-2-3 అను స్ప్రెడ్‌షీటు ఆధారక్రమమున గణించుట ఆరంభించెను. పేటెంటు హక్కు సంపాదించిన రెఫాక్ అను సంస్థ 1989లో లోటస్‌పై దావా వేసినది. 1995లో న్యాయస్థానము ఆ పేటెంటును అమలుపరచరాదని తీర్పు చెప్పినది. 1996లో పై న్యాయస్థానము దానినే స్థిరపరచినది. కారణమేమనగా, తొలిదినములలో దరఖాస్తునకు మద్దతుగా దాఖలుచేసిన ప్రమాణపత్రములలో ఒకదానిని వ్రాసినవాడు కొన్ని వారములపాటు ఆవిష్కర్తల సంస్థలోనే పనిచేసినవాడనుట ఆ పత్రమున చెప్పబడలేదు. గడి వెనుక నున్నదానిని వెలికితెచ్చిన మనుష్యుల హక్కు, కాగితము వెనుక నున్న ఒక విషయము వెలికి రానందున పోయినది. తీర్పులోని న్యాయమును నేను శంకింపను. వారి కృషి గౌరవమునకు అది భంగము కాదని మాత్రము నా దృఢాభిప్రాయము.

విసికాల్క్ కాలముననే మరియొక చిక్కు పుట్టినది. మా మేనకోడలివంటి వారిని నేటికిని వేధించు చిక్కులలో సగము దాని సంతానమే. ఒక గడిలో వ్రాయబడునది మాటయా, లెక్కయా అని యంత్రమెట్లు తెలిసికొనవలెను? విసికాల్క్ మొదటి అక్షరమును చూచెడిది: అక్షరమైనచో మాట, అంకెయైనచో లెక్క. గడి పేరు అక్షరముతో ఆరంభమగును గనుక, బీ1, బీ2 గడులను కూడవలెనన్న ముందుగా కూడికగుర్తు వేయవలెను. మరచినచో సూత్రము మాటగా మారి, వ్రాసినది వ్రాసినట్లే తెరమీద పడియుండును. లోటస్‌లో అంకెను సైతము మాటగా నిలుపదలచినవాడు ముందు ఒక చిన్న కొమ్ముగుర్తు (') పెట్టవలసియుండెను. 1985లో పుట్టిన ఎక్సెల్ లెక్కకు సమానచిహ్నమును గురుతుగా నిర్ణయించినను, లోటస్‌వారి కొమ్ముగుర్తును విడువలేదు. నేడు ఎవరి పట్టికలోనైన ఒక్క గడి మాత్రము జవాబు చెప్పక సూత్రమునే చూపుచున్నదనగా, నూటికి తొంబదిపాళ్లు ఆ గడి ముందు కొమ్ముగుర్తో ఖాళీచోటో దాగియున్నదనియు, లేదా సూత్రము వ్రాయకముందే ఆ గడికి ‘టెక్స్ట్’ అను ముద్ర పడినదనియు ఊహింపవచ్చును. ముద్రను ‘జనరల్’ అని మార్చినంతమాత్రమున గడి మారదు. ఇది తెలియక గంటలు వ్యర్థపుచ్చినవారిని నేనెరుగుదును. గడిలోనికి పోయి, ఎఫ్2 నొక్కి, మరల ఎంటర్ నొక్కి, సూత్రమును క్రొత్తగా వ్రాసినట్లు యంత్రమునకు నచ్చచెప్పవలెను. వేయి గడులుండెనేని, సమానచిహ్నమును వెదకి దాని స్థానమున సమానచిహ్నమునే ఉంచుమని ఆజ్ఞాపించినచో అన్నియు ఒక్కసారి మేలుకొనును. పట్టికయంతయు సూత్రములే కనిపించినచో అది వేరు విషయము: ఎవరో తెలిసియో తెలియకయో ‘షో ఫార్ములాస్’ మీటను తాకిరన్నమాట.

అంకెకు బదులు దడికర్రలవలె వరుసగా నిలిచిన # గుర్తులను చూచి భయపడువారును కలరు. దీని వంశము ఇంకను పురాతనము. ఫోర్ట్రాన్ యంత్రములు తమకిచ్చిన చోటులో అంకె పట్టనప్పుడు నక్షత్రపు గుర్తులతో ఆ చోటును నింపుచుండెడివి. లోటస్‌లో ఆ నక్షత్రములే వచ్చినవి, విసికాల్క్‌లో బాణపు మొనలు వచ్చినవి, ఎక్సెల్‌లో దడికర్రలు. మాట గడిలో పట్టకున్న పక్కగడిలోనికి ఒలికిపోవును, లేదా తోక తెగును. తెగిన మాటను మనము ఊహించుకొనవచ్చును. తోక తెగిన అంకె అట్టిది కాదు: పండ్రెండులక్షలు పండ్రెండువేలుగా కనిపించినచో చూచువాడు నమ్మును. కావున తప్పు చూపుటకంటె ఏమియు చూపకుండుటయే మేలని ఆ పూర్వులు నిశ్చయించిరి. నిలువువరుసను వెడల్పు చేసినచో అంకె బయటికి వచ్చును. స్ప్రెడ్‌షీటు చేసిన నిర్ణయములన్నిటిలో నాకు మిక్కిలి గౌరవము కలిగించునది ఇదియే. తప్పును దాచక తెలుపు ఇట్టి నిష్ఠ ఈ దేశమునను కనిపించును: వాటర్లూ విశ్వవిద్యాలయమున 1965లో నలుగురు విద్యార్థులు వాట్‌ఫర్ అను ఫోర్ట్రాన్ అనువాదకమును నిర్మించినప్పుడు, తప్పుచేసిన విద్యార్థికి ఎచట తప్పినాడో స్పష్టముగా చెప్పుటయే తమ ముఖ్యధర్మముగా భావించిరి. అది ఖండాంతరములందు వ్యాపించుటకు ఆ స్పష్టతయే ఒక కారణము.

ఇక ఈ దేశమునకు ప్రత్యేకమైన చిక్కులను గూర్చి చెప్పవలెను. లాన్‌పార్ పుట్టిన 1969లోనే, సెప్టెంబరు 7వ తేదీన, కెనడా అధికారభాషల చట్టము అమలులోనికి వచ్చి, ఇంగ్లీషును ఫ్రెంచిని సమానప్రతిపత్తి గల రాజభాషలుగా నిలిపెను. 1977లో కెబెక్ రాష్ట్రము తన ఫ్రెంచి భాషాశాసనమును చేసికొనెను. భాష మారినప్పుడు అంకెల వేషము కూడ మారునని సామాన్యముగా మనకు తోచదు. టొరంటోలో 1,250 అనగా వేయిన్ని రెండువందల యేబది. మాంట్రియల్‌లో ఫ్రెంచి పద్ధతిని అదే వ్రాత ఒకటింబావు, ఏలయన అచట దశాంశమునకు గుర్తు కామాయే, వేలను విడదీయుటకు ఖాళీచోటు. కామా దశాంశమునకు పోయినందున సూత్రములోని అంగములను విడదీయుటకు సెమికోలన్ కావలసివచ్చెను. ఇంగ్లీషు ‘సమ్’ ఫ్రెంచిలో ‘సోమ్’, ‘ఇఫ్’ అనునది ‘సి’. ఫైలును ఒక నగరమునుండి మరొక నగరమునకు పంపినచో ఎక్సెల్ ఈ మార్పులన్నియు తానే చేసికొనును, లోపల భద్రపరచిన సూత్రము చూచువాని భాషతో మారదు గనుక. కాని టొరంటోలోని సహోద్యోగి ఉత్తరములో వ్రాసిపంపిన సూత్రమును మాంట్రియల్ గుమాస్తా తన గడిలో అతికించినచో, యంత్రమునకు ఆ పేరు తెలియక ‘పేరేమి?’ అని ప్రశ్నార్థకముతో నిలిచిపోవును; లేదా విరామచిహ్నము వద్దనే తప్పు పట్టును. 12.5 అని చుక్కతో వ్రాసిన అంకె ఫ్రెంచి యంత్రమునకు అంకెయే కాదు, మాట. అది గడిలో ఎడమకు జరిగి నిలుచును, వెరసి దానిని లెక్కింపక దాటిపోవును. తప్పు జరిగినదని ఎవరును చెప్పరు. ఎడమకు జరిగిన ఆ అంకెను కనిపెట్టుటయే ఇక్కడి గణకుని కంటికి కావలసిన శిక్షణ.

కీబోర్డు సంగతియు నిట్టిదే. సూత్రములను పైకి తెచ్చుటకు కంట్రోల్ మీటతో కలిపి నొక్కవలసిన వెనుకకొమ్ముగుర్తు (`) ఇంగ్లీషు కీబోర్డులో ఒకటి అంకెకు ఎడమవైపున నుండును. కెనడా ఫ్రెంచి కీబోర్డులో ఆ స్థానమున # గుర్తు కూర్చున్నది. పుస్తకము చెప్పిన మీట నొక్కినను ఫలము లేక, తన యంత్రము చెడిపోయినదని భావించిన కెబెక్ మిత్రునకు, పైపట్టీలో ‘ఫార్ములాస్’ అను శీర్షికకు ఫ్రెంచి రూపమును వెదకి అందులో మీట చూపవలసి వచ్చెను. ఇన్ని చిక్కులు పెట్టు ఎక్సెల్‌కు బదులుగా స్వదేశపు సంస్థ చేత నొక స్ప్రెడ్‌షీటు లేకపోలేదు. ఆటవా నగరమున 1985లో మైకేల్ కౌప్‌లాండ్ స్థాపించిన కోరెల్ సంస్థ 1996లో నొవెల్ వద్దనుండి వర్డ్‌పర్ఫెక్ట్‌తోపాటు క్వాట్రో ప్రో అను స్ప్రెడ్‌షీటును కొని, కొంతకాలము ఈ దేశమునకు తనదైన పట్టికయంత్రమొకటి యున్నదను తృప్తి కలిగించినది. ఎక్సెల్ ముందు అది నిలువలేదు.

దాగిన సూత్రమువలన కలిగిన నష్టములలో ప్రసిద్ధమైనవి రెండు కెనడాతో సంబంధము గలవే. కాల్గరీ నగరపు ట్రాన్స్ఆల్టా అను విద్యుత్సంస్థ న్యూయార్కు విద్యుద్వాహకమార్గముల ఒప్పందములకు వేలంపాటలో ధరలు పంపుచు, స్ప్రెడ్‌షీటులో ఒకచోటినుండి కత్తిరించి మరియొకచోట అతికించునప్పుడు వరుసలు ఒకదానికొకటి తప్పి, ఒక ఒప్పందపు ధర మరియొకదాని యెదుట పడినది. గడులలో అంకెలన్నియు నిండుగానే యుండినవి. నష్టము రెండుకోట్ల నలుబదిలక్షల అమెరికా డాలర్లని సంస్థయే 2003 జూన్ మాసమున ప్రకటించినది. రెండవది ఇంకను విచిత్రము. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు, ప్రభుత్వఋణము దేశాదాయములో తొంబదిపాళ్లు దాటినచో ప్రగతి కుంటుపడునని ప్రకటించిన వ్యాసము అనేక రాజ్యములలో పొదుపువాదులకు ఆధారమైనది. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ వారి అసలు స్ప్రెడ్‌షీటునే తెప్పించుకొని, గడిని తెరచి సూత్రమును చదువగా, సగటు తీయు సూత్రము 30వ వరుసనుండి 49వ వరుసవరకు పోవలసినది 44వ వరుసవద్దనే ఆగిపోయినట్లు తెలిసినది. విడువబడిన ఐదు దేశములు ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియము, కెనడా, డెన్మార్క్. సూత్రము ఆగిపోయినందువలన కలిగిన తేడా స్వల్పము. దత్తాంశములను ఏరుకొనుటలోను తూకములు వేయుటలోను జరిగినదే అధికము. అన్నియు సరిదిద్దగా తగ్గుదలయని చూపిన −0.1 శాతము 2.2 శాతపు పెరుగుదలగా మారినదని హెర్న్‌డన్, అతని ఆచార్యులు తేల్చిరి. మూడేండ్లపాటు ఆ సగటును చదివినవారెవరికిని అందులో కెనడా లేదని తెలియకపోవుటకు కారణమొక్కటే: వారు చదివినది గడి మీది అంకెను.

1967లో కెనడా వలసనియమములలో జాతివివక్షను విడిచి, విద్యకు అనుభవమునకు పాయింట్లిచ్చు పద్ధతి వచ్చిన తరువాత మనవారు క్రమముగా ఈ దేశమునకు చేరి, తమతో తమ లెక్కపద్ధతులను కూడ తెచ్చుకొనిరి. మా మేనకోడలు తెనాలిలో కట్టుచున్న ఇంటి ఖర్చు పట్టికను తన తండ్రితో పంచుకొనుచున్నది; మాంట్రియల్‌లో నున్న తమ్ముడును అందులో తన వాటా వ్రాయును. ఒకే ఫైలు, ఒకే గడి. తెనాలిలో తెరచినచో అందులో 12,50,000 కనిపించును, స్కార్‌బరోలో 1,250,000, మాంట్రియల్‌లో 1 250 000. తండ్రి తేదీని రోజు, నెల, సంవత్సరముగా వ్రాయును. ఈమె యంత్రము సంవత్సరమును ముందు పెట్టును. మొదటి మాసములలో ముగ్గురును ఫోనులో గంటలకొలది వాదించుకొనిరి, ఎవరి వెరసి నిజమని. ఒకరాత్రి ఆమె ఫోను పట్టుకొనియే ఆ రెండు మీటలు నొక్కి, “నాన్నా, అంకె వద్దు, సూత్రం చదువుతాను, నువ్వూ నీ గడిలో చూడు” అని, ఒక్కొక్క గడిని చదివి వినిపించెను. మూడు ఇండ్లలోను సూత్రము ఒక్కటియే. తేడా వచ్చినది సిమెంటు పద్దులో. తండ్రి ఒకచోట అంకె చివర రూపాయలని కలిపి వ్రాయుటచేత అది మాటగా మారి, ఎడమకు జరిగి, వెరసికి దూరమైనది.

ఇప్పుడామె ప్రతి మాసాంతమున రెండు ప్రతులు ముద్రించును, ఒకటి అంకెలతోను, ఒకటి సూత్రములతోను. రెండవదానిని మొదటిదాని వెనుక చేర్చి కుట్టి, తండ్రి వచ్చునప్పుడు చూపుటకు అలమారలో నుంచుచున్నది. మొన్న ఆయన వేసవికి వచ్చినప్పుడు కళ్లజోడు సవరించుకొని, ముందు వెనుక కాగితమునే తిప్పి, వ్రేలు పెట్టి మీదినుండి క్రిందికి కూడుకొనుచు పోవుట చూచితిని.